అంగూరు తీపియు పొటాషు సంచియు

ఈ వేసవిలో చందుర్తి వైపు సభ్యులు కొందరు మా యొద్దకు వచ్చి అడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు కారణము. తరతరములుగా వరియు ప్రత్తియు పండించిన చేలలో అరెకరము మేర పందిరి వేసి అంగూరు పెట్టినవారు వారిలో ఇద్దరు. కాపు బాగుగనే వచ్చినది. గుత్తులు పెద్దవి, కాయ దళసరి, చూపునకు ఏ లోపమును లేదు. కాని నగరపు పండ్ల అంగడికి చేరినపుడు దళారి రెండు కాయలు నోట వేసికొని, పులుపని ముఖము చిట్లించి, ధరను సగమునకు దించెను. పెట్టెల యడుగున రాలిన కాయలను వేరుగా తూచి ఇంకను తక్కువ కట్టెను. ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారు తలకొక సలహా చెప్పిరి. పొటాషు చాలలేదు, వచ్చు ఏడు రెండు సంచులు అదనముగా వేయుమని ఒకరు. అంత ధర పెట్టి పొటాషు కొనుట దండుగ, ఆ డబ్బుతో యూరియా వేసిన కాయ ఊరునని మరొకరు. ఈ రెండు మాటలలో ఏది నిజమని సభ్యులు మమ్ము అడిగిరి. రెండును నిజము కావని మా యభిప్రాయము. కారణములను కొంచెము విస్తరించి చెప్పెదము.

రెండవ మాట పుట్టిన చోటు మొదట చూడవలెను. అది అజ్ఞానమువలన పుట్టినది కాదు, ధరవలన పుట్టినది. పొటాషు మన దేశపు గనులలో తీయబడుట లేదు. కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్ మొదలగు దేశములనుండి ఓడలలో రావలెను. 2010 ఏప్రిల్ మొదలు ప్రభుత్వము పోషకమునకింతయని సహాయమును నిర్ణయించి, పొటాషు, భాస్వరము ఎరువుల ధరను అంగడికి విడిచినది. యూరియా ధరను మాత్రము తన చేతిలోనే యుంచుకొన్నది. ఫలితమేమనగా, 2022లో యుద్ధమును ఆంక్షలును వచ్చినపుడు 50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ సంచి 1,700 రూపాయల వరకు పోయినది. 45 కిలోల యూరియా సంచి దాదాపు 267 రూపాయలకే దొరకినది. ఇంత తేడా కన్నుల యెదుట నున్నపుడు రైతు చేయి ఏ సంచి మీదికి పోవునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇందు రైతును నిందించుట మాకు ఇష్టము లేదు. కాని తీగకు ధరల పట్టిక తెలియదు. దానికి కావలసినది దానికి కావలెను.

మేము చదివిన మిషన్ బడి ఆవరణలో ఒక చిన్న ద్రాక్ష పందిరి యుండెడిది. బడి తోటమాలి యక్షరము రాని వృద్ధుడు. వంటశాలలో కట్టెల పొయ్యి బూడిదను వృథా పోనీయక, జల్లించి, వారమునకొకమారు తీగ మొదళ్ళ చుట్టు చల్లి నీరు పెట్టెడివాడు. పిల్లలమైన మేము ఆ బూడిద ఎందుకని నవ్వెడివారము. పిమ్మట కాలేజీలో పుస్తకము చదివినపుడు తెలిసినదేమనగా, పొటాషు అను మాటయే కుండ, బూడిద యను రెండు ఇంగ్లీషు మాటల కలయిక. పూర్వము ఐరోపావారు కర్ర బూడిదను నీట కలిపి, ఆ నీటిని కుండలలో మరగించి ఈ ఉప్పును తీసెడివారు. 1861లో జర్మనీలోని స్టాస్‌ఫర్ట్ వద్ద భూగర్భ లవణమునుండి దీనిని తయారు చేయుట మొదలైన పిమ్మటనే బూడిద కుండలు మూలబడినవి. మా తోటమాలి పుస్తకము చదువకయే సగము సత్యమును పట్టుకొన్నాడు. మిగిలిన సగము ఏమిటో ముందు చెప్పెదము. (నల్లరేగడి చేలున్నవారు ఈ కథ విని బండ్ల కొలది బూడిద తోలవలదు. బూడిదలో సున్నము గుణము మెండు. అసలే క్షారము గల నేలకు అది మేలు చేయదు.)

పొటాషు తీగలో చేయు పని యేమి? నత్రజని ఆకులో మాంసమువలె కలిసిపోవును. పొటాషు అట్లు దేనిలోను కలిసిపోదు. ఉప్పుగనే రసములో తిరుగుచుండును. ఆకు తన చిన్న రంధ్రములను తెరచుటకును మూయుటకును అది కావలెను. ఎండలో నీటిని పొదుపు చేయుట దానివలననే. అన్నిటికంటె మనకు ముఖ్యమైనది వేరొకటి కలదు. ఆకు ఎండను పట్టి చక్కెర చేయును. ఆ చక్కెర ఆకునుండి కాయకు పోవలెను గదా. ఆకు తన చక్కెరను రసనాళములోనికి ఎక్కించుటకు పొటాషు సహాయము కావలెను. అది తక్కువైన చక్కెర ఆకులోనే నిలిచిపోవును. కాయ గట్టితనము విడిచి మెత్తబడి నీరు పట్టు దినము మొదలు చక్కెరయు పొటాషును కలిసి కాయలోనికి ప్రవహించును. అప్పుడు కాయలు అడుగునంత పొటాషు వేరునుండి రానిచో, తీగ తన ఆకులనుండి లాగి యిచ్చును. ఆకు అంచులు పసుపెక్కి, ముడుచుకొని, మాడును. కొన్ని తోటలలో ఎండ తగులు ఆకులు నలుపెక్కును. గుత్తిలో కొన్ని కాయలు పండి కొన్ని పచ్చిగ నుండును. మన సభ్యుల పెట్టెలలో దళారి చూచినది ఇదియే కావచ్చును.

యూరియా ఈ పని చేయదు. అది ఆకును పెంచును, తీగను సాగదీయును. కాయ మెత్తబడు సమయమున యూరియా పడినచో తీగ మరల క్రొత్త చిగురు వేయ మొదలిడును. కాయకు పోవలసిన చక్కెర చిగురునకు పోవును. పండుట ఆలస్యమగును. చిక్కని పందిరి క్రింద గాలి యాడక బూజు తెగులు చేరును. కాయ ఊరుట నిజమే, ఊరినది నీరు. అంగడివాడు దానినే పులుపన్నాడు. కాయను పెద్దది చేయుటకు జిబ్బరెల్లిను మందు చల్లుట ద్రాక్ష ప్రాంతములయందు వాడుక. దానితో మాకు తగవు లేదు. అయినను పరిమాణము పెంచిన కాయలో తీపి నింపుట ఆ మందు పని కాదు.

ఇక లెక్కకు వత్తము. అంగూరు పండు వంద గ్రాములలో దాదాపు 190 మిల్లీగ్రాముల పొటాషియ ముండును. అనగా టన్నుకు దాదాపు 1.9 కిలోలు. ఎకరమునుండి 10 టన్నుల పండు అంగడికి తోలినచో 19 కిలోల పొటాషియము మన చేను దాటిపోయినది. సంచులమీద వ్రాయు లెక్కలో అది 23 కిలోలగును. మ్యూరియేట్‌లో నూటికి 60 పాళ్ళు, సల్ఫేట్‌లో 50 పాళ్ళు పొటాషు గనుక, ఆ నష్టమును పూడ్చుటకు మ్యూరియేటైన 38 కిలోలు, సల్ఫేటైన 46 కిలోలు చాలును. పండుతో పోయినది సుమారు ఒక సంచి మాత్రమే! ఆకులలోను కత్తిరించిన తీగలలోను మరికొంత పోవును. వేసినదంతయు వేరునకు అందదు. ఎదుగు తీగ తన మ్రానులో కొంత దాచుకొనును. ఇవి యన్నియు కలిపి చూచినను, రెండు సంచులు అదనముగా వేయుమన్న పొరుగువాని సలహా ఏ లెక్కమీద నిలిచినదో మాకు బోధపడలేదు.

అదనపు సంచి కీడు చేయదు గదా యని కొందరందురు. చేయును. ఇందుకు సాక్ష్యము మేమే. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో హైదరాబాదు ప్రక్కన ఒక పెద్దాయన అనాబ్-ఎ-షాహి తోటను చూడబోతిమి. అనాబ్-ఎ-షాహి అనగా రాజయోగ్యమైన ద్రాక్ష. హైదరాబాదు చుట్టుపట్లను ఒకప్పుడు ప్రసిద్ధికి తెచ్చిన తెల్లని పొడుగు కాయ. ఆ తోటలో ఆకుల అంచులు గోధుమవన్నెకు మాడి యుండెను. పుస్తకములోని బొమ్మ జ్ఞాపకము వచ్చి, ఇది పొటాషు లోపమని ఆ క్షణముననే తీర్పు చెప్పితిమి. నీటిని పరీక్షింపలేదు. ఆకును పరీక్షింపలేదు. ఆయన మా మాటను నమ్మి ఆ ఏడును మరుసటి ఏడును విస్తారముగ మ్యూరియేట్ వేసెను. నిజమునకు ఆ మాడుట బోరుబావి నీటిలోని ఉప్పువలన వచ్చినది. ఉప్పుచే మాడిన అంచు గీత గీసినట్లు ఒకేమారు గోధుమవన్నెకు తిరుగును. పొటాషు లోపమైనచో ముందు పసుపు, పిమ్మట మాడుట. ఈ భేదము మాకు అప్పుడు తెలియదు. మ్యూరియేట్‌లోని క్లోరైడు ఆ ఉప్పునకు తోడైనది. రెండవ ఏట ముదురాకులు ఈనెలు పచ్చగ నుండగా నడుమ పసుపెక్కినవి. అది మెగ్నీషియము లోపము. పొటాషు మితిమీరినచో వేరు మెగ్నీషియమును సున్నమును లోనికి రానీయదు. గుత్తుల కొనలు కాడతో సహా వాడి కాయలు ముడుతలు పడెను. ఆ పెద్దాయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. చాయ ఇచ్చి పంపెను. అటు మూడేండ్లకు పందిరి రాళ్ళు పీకి ఆ భూమిని అమ్మివేసెను. నగరము పెరిగి భూమి ధర పెరుగుట అందుకు పెద్ద కారణమే గాని, తోట లాభసాటిగ నుండిన ఆయన మనసు అంత త్వరగా విరిగి యుండునా యని మేము నేటికిని తలంచుచుందుము.

రుచి విషయమున గూడ మితిమీరుట మంచిది కాదు. కాయలోని పులుపు చాలవరకు టార్టారికామ్లము. పొటాషు దానితో కలిసి ఉప్పుగ మారును; పులుపు తగ్గును. పులుపు కొంచెము తగ్గుట తిను పండునకు మేలే. కాని మరింత తగ్గినచో తీపి యున్నను రుచి చప్పబడును, కాయ మెత్తబడును, దూరప్రయాణమునకు నిలువదు. మంచి అంగూరు రుచి తీపిని బట్టి మాత్రమే కాదు. తీపికిని పులుపునకును గల సామ్యమును బట్టి యుండును. మా తోటమాలికి తెలియని సగము సత్యము ఇదియే. ఎప్పుడు ఆపవలెనో ఆయనకు తెలియదు. అయితే ఆయన చల్లినది పిడికిళ్ళతో గనుక ప్రమాదము లేకపోయినది.

మరియొక సంగతి. తీగకు పొటాషు చాలినంత యున్నపుడు మరింత వేసినంతమాత్రమున తీపి పెరుగదు. ఇది పలు దేశముల అనుభవము. అట్టి తోటలో పులుపునకు కారణము వేరొకచోట వెదకవలెను. మేము చూచిన సభ్యుల తోటలో గుత్తులను లెక్కించినపుడు మాకు దిగ్భ్రమ కలిగెను. తొలి కాపునకే తీగ మోయగల దానికి రెండింతలు గుత్తులు ఉంచిరి. ఒక్కటి తీయుటకును చేతులు రాలేదని వారు ఒప్పుకొనిరి. ఎన్ని గుత్తులకు ఎన్ని ఆకులో లెక్క లేనిచో, ప్రపంచమునందలి పొటాషు నంతయు తెచ్చి పోసినను ఆ కాయలు తీయబడవు. పైగా అధిక కాపే ఆకులనుండి పొటాషును లాగి లోపమును కలిగించును. గుత్తులను తగ్గించుటకు సంచి ధర లేదు. మనసు గట్టిచేసికొనుట మాత్రమే కావలెను. అటులనే నీరు. పొటాషు తడి నేలలోనే వేరును చేరును. ఎండిన నేలపై చల్లిన ఎరువు అక్కడనే యుండును. బొట్టు నీటి సేద్యము గలవారు తడి పడు చోటనే ఎరువు వేయవలెను గాని సాలు నడుమ కాదు.

ఏ పొటాషు కొనవలెనను ప్రశ్నకు మా సమాధానము సల్ఫేటు. ధర ఎక్కువే. అయినను అంగూరు క్లోరైడును ఓర్వలేదు. మన బోరుబావులలో ఉప్పు నీరు గలవి తక్కువ కావు. ఎర్రని చల్క నేల, మంచి నీరు, నీరు నిలువని వాలు గలవారు వానకాలపు మొదట కొలది మ్యూరియేటు వేసిన, వానలు క్లోరైడును కడిగికొనిపోవును. అంతవరకు మేము అడ్డుచెప్పము. నల్లరేగడివారు మాత్రము ఆ పొదుపు చేయరాదు. రేగడిలో సహజముగనే పొటాషు చల్కకంటె హెచ్చుగ నుండుట వాడుక గనుక, వారికి కావలసినదే తక్కువ కావచ్చును.

కాలము విషయము కొంచెము. మన దక్కను పీఠభూమిలో తీగను ఏట రెండుమారులు కత్తిరింతురు: ఏప్రిల్ ప్రాంతమున మ్రాను కొరకు, అక్టోబరు ప్రాంతమున కాపు కొరకు. ఏప్రిల్ కత్తిరింపునకు పిమ్మట 40 మొదలు 60 దినముల నడుమ కన్నులలో మరుసటి కాపు పిందె రూపు కట్టును. అప్పుడు యూరియా తగ్గించి పొటాషు కొంత ఇచ్చుట మంచిది. అక్టోబరు కత్తిరింపునకు పిమ్మట కాయ శనగ గింజంత యైనది మొదలు మెత్తబడు వరకు మిగిలిన ఎక్కువ భాగము, ఒకేమారు కాక, కొంచెము కొంచెముగ ఇయ్యవలెను. మెత్తబడిన పిమ్మట వేసినది ఆ ఏటి కాపునకు అంతగా అక్కరకు రాదు.

సంచి కొనక ముందు మన చేతిలో నున్న పొటాషును చూచుకొందము. టన్ను వరిగడ్డిలో 12 మొదలు 17 కిలోల పొటాషియము కలదు. పది టన్నుల అంగూరు పండు తీసికొనిపోవునంత పొటాషియము సుమారు టన్నున్నర గడ్డిలో నున్నదన్న మాట! వరికోత యంత్రము విడిచిన గడ్డిని మడిలోనే తగులబెట్టుట మన వైపు అలవాటైనది. పశువుల మేతకు మిగిలిన గడ్డిని తెచ్చి అంగూరు మొదళ్ళలో పరచినచో, ఎండకు నేల తడి యారదు, గడ్డి మ్రగ్గిన కొలది పొటాషు నేలకు దిగును. అయితే వరిమడి నుండి తెచ్చిన గడ్డి వరిమడికి లోటే యని మరువరాదు. ఒక చేను కడుపు కొట్టి మరొక చేనికి పెట్టుట గనుక, ఏటేట ఒకే మడి గడ్డిని తేవలదు. కత్తిరించిన తీగలను గూడ ముక్కలు చేసి తోటలోనే వేయవచ్చును; మచ్చ తెగులు తగిలిన తీగలను మాత్రము తోటనుండి తొలగించి కాల్చివేయవలెను.

ఇప్పుడు సంఘము చేయదగిన దానిని గూర్చి. మా కోరిక ఒక్కటే: పొటాషు సంచులకు కలిసి ఆర్డరు పెట్టక ముందు, తొడిమ పరీక్షకు కలిసి డబ్బు పెట్టుడు. మట్టి పరీక్ష నేలలో ఏమున్నదో చెప్పును. తీగ ఏమి తీసికొన్నదో చెప్పదు. 2015లో మొదలైన భూసార పత్రములు పలువురి యిండ్లలో నున్నవి. అవి తోట వేయక ముందు ఉపయోగము. పందిరి యెక్కిన తీగకు ఆకు తొడిమయే సాక్షి. పూత సమయమున తొడిమలో పొటాషియము నూటికి ఒకటికి తక్కువైన లోపమనియు, ఒకటిన్నరకు మించిన చాలుననియు కాలిఫోర్నియావారు చాలకాలముగ పాటించు కొలత. ప్రాంతమును బట్టి, జాతిని బట్టి కొలత కొంత మారును. పుణె చెంత మాంజరిలో 1997లో నెలకొల్పబడిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రమువారి సలహా మన వాతావరణమునకు చేరువ. దానితోపాటు తీపిని కొలుచు చేతి దుర్భిణి యొకటి సంఘమునకు కొనవలెను. రెండు చుక్కల రసము వేసి వెలుతురునకు పట్టిన అంకె కనబడును. అనాబ్-ఎ-షాహి 15, 16 డిగ్రీలకును, గింజలేని థాంప్సన్ 18 డిగ్రీలకును రాకమునుపు కోయవలదు. మన సభ్యులు ఏ అంకె చూచి కోసిరని అడిగితిమి. అంగడిలో పొరుగు జిల్లావాని కాయ దిగెనను మాట చూచి కోసిరి!

ఇట్టి పనులు ఒక్కొక్క రైతు చేయజాలడు, సంఘము చేయగలదు. 1991లో మహారాష్ట్రలో ద్రాక్ష సహకార సంఘములు కలిసి మహాగ్రేప్స్ అను సంస్థను ఏర్పరచుకొని పండును విదేశములకు పంపినవి. అచటి చిన్న రైతులు గూడ కొలత, శీతల గిడ్డంగి, పరీక్ష అనువానిని కలిసి సంపాదించుకొన్నారు. మనది అరెకరముల వ్యవహారము. ఓడల మాట మనకు వద్దు. ఒక దుర్భిణి, ఒక పరీక్ష రుసుము మనకు భారము కాదు. ఈ రెంటి వెలను అదనపు సంచుల వెలతో సరిచూచి, రాబోవు సభలో సభ్యులు తమ తీర్పు చెప్పవలెను. పరీక్షలో లోపము తేలినచో సల్ఫేట్ సంచులు తెప్పించుటకు మొదట చేయి యెత్తువారము మేమే.

పరీక్షకు తొడిమలు తెచ్చువారు గమనింపవలసిన వివరములు కొన్ని. ఏప్రిల్ కత్తిరింపునకు పిమ్మట 45వ దినమున, చిగురు మొదటి నుండి ఐదవ ఆకు తొడిమను తీయవలెను. అక్టోబరు కత్తిరింపునకు పిమ్మట నైన, పూత విచ్చినపుడు పూగుత్తికి ఎదురుగ నున్న ఆకు తొడిమను తీయవలెను. ఆకు రేకును అక్కడనే త్రుంచివేసి తొడిమను మాత్రమే యుంచుడు. తోటయంతట తిరిగి ఒక్కొక్క తీగనుండి ఒకటి చొప్పున నూరు తొడిమలు ఉదయమున సేకరింపుడు. ఎరువు గాని మందు గాని చల్లిన వెంటనే తీయరాదు. మంచి నీట కడిగి నీడలో ఆరనిచ్చి కాగితపు సంచిలో వేయుడు. ప్లాస్టిక్ సంచిలో వేసినచో చెమ్మగిలి కుళ్ళును. సంచిమీద తోటవాని పేరు, తీగ జాతి, కత్తిరింపు తేది, నేల చల్కయా రేగడియా, బోరు నీరా కాలువ నీరా అని పెన్సిలుతో వ్రాసి సంఘ కార్యాలయమున ఇయ్యవలెను.